కంప్యూటర్ జ్ఞాపకం, నా మతిమరుపు



ఈ సంచికకు ఏదైనా కథ రాయమని సంపాదకులు అడిగారు. నాకు కథలు కట్టడం రాదు. అందుకని జరిగిన సంగతే రాస్తున్నాను. మన బడి కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి సగం పోయిందని 2025 జనవరిలో పెద్ద గొడవైంది. అది పాతవాళ్ళందరికీ తెలుసు. అయితే ఈ ఏడు కొత్తగా చేరిన ఆరో తరగతి తమ్ముడొకడు మొన్న మెస్ లైన్లో నిలబడి, ఇప్పుడు తొమ్మిది చదువుతున్న ఒకణ్ని చూపించి "ఈ అన్నే కదా ర్యామ్ దొంగ" అన్నాడు. వాడికి ఎవరు చెప్పారో ఏమో. విన్నవాళ్ళు నవ్వారు. పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాడు మాత్రం నవ్వలేదు.

నిజం ప్రార్థనలో ఒకసారి చెబితే చాలదని, గోడ మీద రాసి పెట్టాలని నాకప్పుడు తోచింది. అందుకే ఈ వ్యాసం. ఇందులో కంప్యూటర్ విషయాలు కూడా కొన్ని వస్తాయి. అవి తెలుసుకుంటే మీకూ పనికొస్తాయి.

లైబ్రరీ గది మూలన మనం "తాత" అని పిలిచే కంప్యూటర్ ఉంది కదా. తెల్లగా ఉండాల్సిన డబ్బా పసుపు రంగుకు తిరిగింది. దాని లోపలున్నది పెంటియం 4. ఆ రకం ప్రాసెసర్ మొదట 2000 సంవత్సరంలో వచ్చింది. అంటే మన కంటే తాతే పెద్ద. అందులో లినక్స్ నడుస్తోంది. లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది. మన తాతలో ఉన్నది డెబియన్ 12, 32 బిట్లది. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది గాని, అందులో తాత లాంటి 32 బిట్ల పాత యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. కాబట్టి మనం 12తోనే ఉన్నాము.

ఇక జ్ఞాపకం సంగతి. కంప్యూటర్‌లో రెండు రకాల దాచుకునే చోట్లు ఉంటాయి. హార్డ్ డిస్కు మన నోటు పుస్తకం లాంటిది. రాసింది అలాగే ఉంటుంది. ర్యామ్ పలక లాంటిది. లెక్క చేస్తున్నంతసేపే పలక మీద ఉంటుంది, కరెంటు పోతే తుడిచేసినట్టే. పలక చిన్నదైతే లెక్క సగంలో ఉండగానే చోటు చాలదు. అప్పుడు కంప్యూటర్ పలక మీద ఉన్నది కొంత నోటు పుస్తకంలోకి ఎక్కించి, కావాలన్నప్పుడు మళ్ళీ పలక మీదకి దింపుకుంటుంది. దాన్ని స్వాప్ అంటారు. డిస్కు ర్యామ్ కంటే చాలా నిదానం. అందుకే ర్యామ్ చాలనప్పుడు డబ్బా ముందరి ఎర్ర లైటు ఆగకుండా మినుకుమంటుంది, మౌసు కదిపితే బాణం గుర్తు ఎప్పటికో కదులుతుంది.

తాతలో 512 ఎంబీ ర్యామ్ ముక్కలు రెండున్నాయి. రెండూ కలిపితే 1024 ఎంబీ, అంటే 1 జీబీ. స్టాకు రిజిస్టరులో అలాగే రాసి ఉంది.

2025 జనవరిలో సంక్రాంతి సెలవుల ముందు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు తాత కేబినెట్ విప్పి దుమ్ము దులిపాడు. సార్ దగ్గర అనుమతి తీసుకునే చేశాడు. పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న దుమ్మంతా తీశాడు. అతని పేరు ఇక్కడ రాయను. వద్దన్నాడు. సెలవులకు అందరం ఇళ్ళకు వెళ్ళి వచ్చాము. వచ్చిన వారానికి స్టాకు తనిఖీ ఉందని తెలిసి, కంప్యూటర్ గది చూసుకునే సార్ రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కటి టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. మానిటర్, కీబోర్డు, మౌసు, హార్డ్ డిస్కు సరిపోయాయి. ర్యామ్ దగ్గర ఆగిపోయారు. "ఫ్రీ" అనే కమాండ్ కొడితే ఎంత ర్యామ్ ఉందో తెలుస్తుంది. 490 పైచిలుకు అని వచ్చింది. ఉండాల్సింది 1024.

సరిగ్గా సగం. ఒక ముక్క తీసేస్తే ఎంత కనపడాలో అంతే కనపడుతోంది.

సార్ నన్ను పిలిచారు. అప్పుడు నేను తొమ్మిది, కంప్యూటర్ లీడర్‌ని. తాత పాస్‌వర్డు సార్ దగ్గర, నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. "ఈమధ్య దీన్ని విప్పిందెవరు?" అని అడిగారు. నేను వెంటనే "కేబినెట్ విప్పింది వాడొక్కడే సార్" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. కాని దాని వల్ల జరిగింది చూడండి.

సార్ వాణ్ని పిలిచి అడిగారు. "నేనేటీ తియ్యలేదు సార్" అన్నాడు. రెండోసారి అడిగితే మాట్లాడలేదు. సాయంత్రానికి హాస్టలంతా పాకిపోయింది. వాడు సెలవుల్లో సంతకెళ్ళి కొత్త చెప్పులు కొన్నాడని, ర్యామ్ అమ్మితేనే అన్ని డబ్బులొస్తాయని ఎవరో అన్నారు. ఆ చెప్పులు వాళ్ళ అక్క కొనిపెట్టింది. అది తెలిసినవాళ్ళు కూడా నోరు మెదపలేదు. ఆ మర్నాటి నుంచి వాడు కంప్యూటర్ గది వైపు రావడం మానేశాడు. ప్రార్థనలో అందరికంటే వెనక నిలబడేవాడు.

కేబినెట్ విప్పి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా అని మీరనవచ్చు. నేనూ అదే అన్నాను. సార్ ఒప్పుకోలేదు. "ఇప్పుడు నేను విప్పితే నేనే తీశాననో, నేనే మళ్ళీ పెట్టాననో అంటారు. తనిఖీ వాళ్ళ ముందే విప్పుదాం" అని, తెల్ల కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టి కేబినెట్ అంచుకు గమ్ముతో అంటించేశారు. సార్ భయం సార్‌ది. తప్పనలేను.

శనివారం నాడు వాడి నాన్న వచ్చాడు. కబురందిన రోజే కొండ దిగాడట. వరండాలో కూర్చోమంటే కూర్చోలేదు. నేను లైబ్రరీ కిటికీ దగ్గర ఉన్నాను. తువ్వాలు మూటకట్టు విప్పి సార్ ముందు పెట్టి అన్నాడు:

"బాబూ, మా గుంటడు తీసినాడో నేదో నాకు తెల్దు. పసుపు అమ్మిన డబ్బులు తెచ్చినాను. ఎంతయితే అంత తీసుకోండి. సదువు మాత్రం మానిపించకండి."

"తీసినాడో నేదో నాకు తెల్దు" అన్న మాటకి వాడు తలెత్తి నాన్న మొహం చూశాడు. అప్పటిదాకా ఎవరేమన్నా వాడు ఏడవలేదు. అప్పుడు ఏడ్చాడు.

సార్ డబ్బు ముట్టుకోలేదు. "ఆ సంగతి తర్వాత చూద్దాం, మీరు ముందు కూర్చోండి. ఈ రాత్రికి ఇక్కడే ఉండండి" అన్నారు. నాకు కిటికీ దగ్గర నిలబడబుద్ధి కాలేదు. సార్ దగ్గరకు వెళ్ళి, "కాగితం చింపకుండానే లోపల ఎన్ని ముక్కలున్నాయో చూడొచ్చు సార్. యంత్రాన్నే అడగొచ్చు" అన్నాను. సార్ సరేనన్నారు. స్టడీ అవర్‌లో ఇద్దరం తాత ముందు కూర్చున్నాము.

మొదట బయోస్‌ను అడిగాము. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్ కంటే ముందు మేలుకునే చిన్న ప్రోగ్రాము. అది బోర్డు మీద చిప్పులోనే ఉంటుంది. తాతను ఆఫ్ చేసి ఆన్ చేసి, డిలీట్ మీట నొక్కుతూ ఉంటే నీలం రంగు తెర వచ్చింది. మొదటి పేజీలోనే మెమరీ 1016 ఎంబీ అని ఉంది.

"1024 కదా, 8 ఏదీ?" అన్నారు సార్. తాతకు బొమ్మలు చూపించే కార్డు విడిగా లేదు, బోర్డులోనే ఉంది. దానికి సొంత మెమరీ లేక మన ర్యామ్‌లోంచి 8 ఎంబీ తీసుకుంటుంది. అందుకని 1016. ఇది పోయినట్టు కాదు, లోపలే ఖర్చైనట్టు.

సార్ ఇంకో మంచి ప్రశ్న అడిగారు. "బయోస్ వెయ్యి అంటోంది. లినక్స్ ఐదు వందలు అంటోంది. బయోస్‌ది ఎప్పుడో రాసుకున్న పాత లెక్క కావచ్చుగా. ఎవర్ని నమ్మాలి?"

ర్యామ్ ముక్క ప్రతిదాని మీదా చీమంత చిన్న చిప్పు ఇంకొకటి ఉంటుంది. నేను ఇన్ని ఎంబీల దాన్ని, నా వేగం ఇంత, అని అందులో రాసి ఉంటుంది. బయోస్ యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు దాన్ని చదివే లెక్క వేస్తుంది. హాజరు పట్టీ చూసి కాదు, పిల్లల్ని నిలబెట్టి పేర్లు పిలిచి లెక్కపెట్టినట్టు. ఇంకా నమ్మకం కలగడానికి లినక్స్‌లోకి వెళ్ళి "డీఎమ్ఐ డీకోడ్" అనే కమాండ్ కొట్టాను. అది బయోస్ రాసిచ్చిన సామాన్ల పట్టీని చూపిస్తుంది. మొదటి స్లాటులో 512 ఎంబీ. రెండో స్లాటులో 512 ఎంబీ. రెండూ నిండి ఉన్నాయి.

సార్ కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. "అయితే వాడు తియ్యలేదా?"

"తియ్యలేదనే చెబుతోంది సార్. కాని లినక్స్‌కి సగం ఎందుకు కనపడటం లేదో తేలాలి. లేకపోతే తనిఖీలో మళ్ళీ ఇదే వస్తుంది."

అంతలో భోజనం గంట కొట్టారు. సార్ మెస్‌కి వెళ్ళాలి. "నువ్వు చూస్తూ ఉండు" అని వెళ్ళారు. నేనొక్కణ్ని మిగిలాను.

లినక్స్ మేలుకునేటప్పుడు తాను చేసిన ప్రతి పనీ డైరీలా రాసుకుంటుంది. డి, ఎమ్, ఇ, ఎస్, జి అక్షరాలు కలిపి కమాండ్‌గా కొడితే ఆ డైరీ కనపడుతుంది. మొదటి పేజీలోనే "బయోస్ ఈ-820" అని వరసగా కొన్ని గీతలు ఉంటాయి. ఈ-820 అంటే మెమరీ పటం. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా వాడుకోవచ్చు, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా రిజర్వు, అని బయోస్ లినక్స్‌కు ఇచ్చే పటం అది. మన ఊళ్ళ పటాల్లో ఈ ముక్క సాగుకి, ఆ ముక్క రిజర్వు ఫారెస్టుకి అని ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. అందులో వాడుకోదగ్గ భూమి 1016 ఎంబీ దగ్గర దాకా ఉంది. అంటే బయోస్ పూర్తి పటమే ఇచ్చింది. లినక్స్ తీసుకుంది కూడా.

దాని కింద ఇంకో పటం ఉంది. దాని తలమీద "వాడేవారు చెప్పిన మెమరీ పటం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. ఈ రెండో పటంలో వాడుకోదగ్గ భూమి ఆగిన చోటు 1 అంకె, దాని పక్కన ఏడు ఎఫ్‌లు. కంప్యూటర్ పదహారు గుర్తులతో లెక్కపెడుతుంది. 9 తర్వాత ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్. రఫ్ పుస్తకంలో దాన్ని మామూలు లెక్కలోకి మార్చి ఒకటి కలిపితే 53,68,70,912 వచ్చింది. ఒక ఎంబీ అంటే 1024ను 1024తో గుణిస్తే వచ్చే 10,48,576 బైట్లు. దానితో భాగిస్తే సరిగ్గా 512. శేషం సున్నా.

శేషం సున్నా రాగానే నాకు గుండె జారింది. చెడిపోయిన వస్తువు ఇంత సరిగ్గా కొలిచి చెడిపోదు. ఎవరో మనిషి 512 అని చెప్పి ఉండాలి. ఇంకా కిందకి చూస్తే ఆ మాట కూడా ఉంది. లినక్స్ లేచేటప్పుడు దానికి ఇచ్చిన ఆదేశాల వరస చివర: "మెమ్=512ఎమ్".

అది రాసింది నేను.

2024 ఆగస్టు వానల్లో తాత మాటిమాటికీ బిగుసుకుపోయేది. పావుగంట నడిచి ఆగిపోయేది. ర్యామ్‌లో ఏదో ముక్క చెడిందేమో అని నాకు అనుమానం. మన లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు లినక్స్ పుస్తకం ఒకటి ఉంది, 1990లలోది. అందులో ఈ "మెమ్" సంగతి ఉంది. ఆ రోజుల్లో లినక్స్ ఎంత మెమరీ ఉందని బయోస్‌ను పాత పద్ధతిలో అడిగేది. ఆ పాత పద్ధతిలో జవాబు రాయడానికి 16 బిట్ల చోటే ఉండేది. 16 బిట్లలో పట్టే పెద్ద అంకె 65,535. అది కిలోబైట్ల లెక్క కాబట్టి 64 ఎంబీ దాటి చెప్పలేకపోయేది. యంత్రంలో 128 ఎంబీ పెట్టినా లినక్స్‌కు 64 దాకానే కనపడేది. అప్పటివాళ్ళు లేచేటప్పుడే "మెమ్=128ఎమ్" అని తామే చెప్పేవాళ్ళు. తర్వాత ఈ-820 పటం వాడుకలోకి వచ్చాక ఆ బాధ తీరింది. కాని ఆ మాట ఇప్పటికీ పనిచేస్తుంది. ఎక్కువ చేసి చెప్పడానికి పుట్టిన మాటతోనే తగ్గించి కూడా చెప్పవచ్చు.

నేను అదే చేశాను. సగం మెమరీతోనే నడిపిస్తే బిగుసుకోవడం ఆగుతుందేమో చూద్దామని గ్రబ్ ఫైలులో "మెమ్=512ఎమ్" అని చేర్చాను. గ్రబ్ అంటే లినక్స్‌ను లేపే ప్రోగ్రాము. తాత అయినా బిగుసుకుంటూనే ఉంది. నిజానికి అది సరైన పరీక్ష కూడా కాదు, ర్యామ్ పరీక్షకు వేరే ప్రోగ్రాము ఉంది. ఇంతలో త్రైమాసిక పరీక్షలు దగ్గరకొచ్చాయి. లైన్ తీసెయ్యడం మరిచిపోయాను. ఎక్కడా రాసి పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఇంకో మాట. ఆ బిగుసుకోవడానికి అసలు కారణం ర్యామ్ కాదు, దుమ్ము. ఫ్యాను రెక్కలు పూడిపోయి ప్రాసెసర్ వేడెక్కేది. జనవరిలో తమ్ముడు బ్రష్షుతో దులిపాక తాత ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు చేతకాని రోగాన్ని వాడు కుదిర్చాడు. మనం వాణ్ని దొంగన్నాము. ఆగస్టు నుంచి జనవరి దాకా తాత నత్తలా నడిచింది కూడా నా లైన్ వల్లే. మీరందరూ "ముసలిది, పోనీలే" అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు దాచకుండా ఒక సంగతి రాయాలి. ఆ లైన్ చూశాక నేను వెంటనే లేచి సార్ దగ్గరకు పరిగెత్తలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. పాస్‌వర్డు నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెరిపేసి మళ్ళీ ఆన్ చేస్తే 1 జీబీ వచ్చేస్తుంది. "స్లాటులో కొంచెం వదులైనట్టుంది సార్, దానంతటదే కుదిరింది" అంటే ఎవరికీ తెలియదు. తమ్ముడి మీద నింద పోతుంది, నా లీడర్ పని పోదు. ఇద్దరికీ మంచిదే కదా అని కూడా అనుకున్నాను.

కాని "వదులైంది" అంటే, దులిపినప్పుడు వాడే వదులు చేశాడని అంటారు. దొంగ అన్న పేరు పోయి చేతకానివాడన్న పేరొస్తుంది. పైగా వాడి నాన్న వరండాలోనే ఉన్నాడు. "నాకు తెల్దు" అన్న మాట తిరిగి తీసుకోవాలంటే ఆయనకు పూర్తి నిజం తెలియాలి.

దేన్నీ ముట్టుకోకుండా తెర అలాగే ఉంచి మెస్‌కి వెళ్ళాను. సార్ అన్నం వడ్డిస్తున్నచోట నిలబడి ఉన్నారు. "సార్, ఆ లైన్ నేనే రాశాను" అన్నాను. ఏ లైనో సార్‌కు అర్థం కాలేదు. గదికి తీసుకొచ్చి చూపించాను. సార్ తిట్టలేదు. "ముందు వాళ్ళిద్దర్నీ పిలు" అన్నారు.

తండ్రీ కొడుకులు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ముందే తాతను మళ్ళీ ఆన్ చేశాను. గ్రబ్ పట్టీ వచ్చినప్పుడు ఇ అక్షరం నొక్కితే ఆదేశాల వరస తెరుచుకుంటుంది. అక్కడ చివరి మాట చెరిపేసి లేపితే ఆ ఒక్కసారికి మార్పు పనిచేస్తుంది. లినక్స్ లేచాక "ఫ్రీ" కొట్టాను. 990 పైచిలుకు వచ్చింది. తర్వాత గ్రబ్ ఫైలులో కూడా ఆ మాట తీసేసి, "అప్‌డేట్ గ్రబ్" కొట్టి శాశ్వతంగా సరిచేశాను.

వాడి నాన్నకు అంకెలు పట్టలేదు. "అయితే సామాను లోపలే ఉందా బాబూ?" అని అడిగాడు. సార్ ఏమనుకున్నారో, తాను అంటించిన కాగితాన్ని తానే చింపి, ప్లగ్గు తీసి, కేబినెట్ తలుపు విప్పి టార్చి వేసి చూపించారు. రెండు ఆకుపచ్చ పట్టీలు పక్కపక్కన ఉన్నాయి. ఆయన వంగి చూసి, "ఈ బెత్తెడు ముక్కకేనా" అన్నాడు. తర్వాత కొడుకు తలమీద చెయ్యి వేశాడు. ఇంకేం మాట్లాడలేదు. తువ్వాలు మూట మళ్ళీ నడుముకు కట్టుకున్నాడు.

సోమవారం ప్రార్థనలో నేను అందరి ముందు చెప్పాను. తమ్ముడికి క్షమాపణ చెప్పాను. కొంతమంది చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది. అది చప్పట్లు కొట్టే పని కాదు.

తమ్ముళ్ళారా, మీ చేతికి పాత లినక్స్ యంత్రం వచ్చి అందులో మెమరీ తక్కువ కనపడితే ఈ వరసలో చూడండి.

ఒకటి. తేడా ఎంతో చూడండి. కొద్దిగా తక్కువైతే భయం లేదు. బోర్డులోని గ్రాఫిక్స్ కొంత, లినక్స్ కెర్నెల్ కొంత ముందే తీసుకుంటాయి.

రెండు. బయోస్‌లో అంకె చూడండి. అక్కడే తక్కువుంటే తప్పు సామానులో ఉంది. ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, కేబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ఆ తర్వాతే ర్యామ్ ముట్టుకోండి. లేకపోతే ఒంట్లోని స్థిర విద్యుత్తుకు చిప్పు పోవచ్చు. బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి, రెండు పక్కల క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కండి. అయినా రాకపోతే ఒక్కో ముక్కనే పెట్టి చూడండి, తర్వాత స్లాటు మార్చి చూడండి.

మూడు. డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3 వేరు వేరు రకాలు. వాటి గాడి ఒకే చోట ఉండదు. పట్టకపోతే బలవంతంగా నొక్కకండి. ప్రతి బోర్డుకూ ఇంతకు మించి ర్యామ్ పట్టదనే హద్దు కూడా ఉంటుంది.

నాలుగు. బయోస్‌లో సరిగ్గా ఉండి లినక్స్‌లో తక్కువైతే తప్పు సామానులో కాదు, మాటలో ఉంది. డైరీ చదవండి. "మెమ్" అనే ఆదేశం ఉందేమో చూడండి. పాత కెర్నెల్‌లో "హై మెమరీ" సౌకర్యం లేకపోతే ఎంత ర్యామ్ ఉన్నా 896 ఎంబీ మించి వాడదు. ఆ సంగతి డైరీలోనే హెచ్చరికగా రాసి ఉంటుంది, వేరే కెర్నెల్ వేస్తే సరిపోతుంది. 32 బిట్ల యంత్రం మామూలుగా 4 జీబీ దాకానే చిరునామాలు ఇవ్వగలదు. అందులో కొన్ని చిరునామాలు ఇతర పరికరాలకు పోతాయి. అందుకని 4 జీబీ పెట్టినా 3, 3.5 దగ్గర ఆగిపోవచ్చు.

ఐదు. ర్యామ్ చెడిందని అనుమానముంటే నాలాగా అడ్డదారి పరీక్షలు చెయ్యకండి. "మెమ్‌టెస్ట్86+" అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. రాత్రంతా నడిపించండి. ఎర్ర గీతలు వస్తే ముక్క చెడినట్టు.

ఆరు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేను చేరుస్తున్నాను. పై ఐదూ చూడకముందు మనిషిని అనుమానించకండి.

మరునాడు ఆ తమ్ముడు కంప్యూటర్ గదికి వచ్చాడు. నాతో మంచిగా మాట్లాడతాడో లేదో అని నాకు బెరుకుగా ఉంది. వాడు స్టూలు లాక్కుని కూర్చుని, "అన్నా, ఆ లైను ఎక్కడ రాసినావో నాకు సూపించు" అన్నాడు. చూపించాను. ఫైలు తెరిచి, మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివాడు. ఇంకేదైనా ఉందేమోనని చూస్తున్నాడని నాకు అర్థమైంది. నన్ను వాడు ఇంకా పూర్తిగా నమ్మడం లేదు. అది న్యాయమే.

ఆ రోజే వాడొక మాటన్నాడు. "రాసిన కాడ రాసినట్టు పుస్తకంలో రాస్తే ఈ గొడవే నేదు కదన్నా." తాత పక్క మేకుకు దారంతో వేలాడుతున్న వంద పేజీల పుస్తకం అప్పుడు పెట్టిందే. తాతలో ఎవరు ఏ మార్పు చేసినా తేదీ, పేరు, చేసిన పని, ఎందుకు చేశారు అన్నవి అందులో రాయాలి. మొదటి పేజీలో మొదటి లైన్ నాది. 2024 ఆగస్టులో చేసిన పనిని 2025 జనవరిలో రాశాను. పక్కన తమ్ముడు సంతకం పెట్టాడు. ఇప్పుడు కంప్యూటర్ లీడర్ అతనే. పాస్‌వర్డు నా దగ్గర లేదు.

ఆరో తరగతి తమ్ముళ్ళకు చివరిగా ఒక మాట. ర్యామ్ ఎవరూ తియ్యలేదు. రెండు ముక్కలూ లోపలే ఉన్నాయి. అనుమానముంటే ఆ అన్ననే అడగండి, "ఫ్రీ" కొట్టి చూపిస్తాడు.

ఇట్లు,
ఆ లైన్ రాసినవాడు,
పదో తరగతి.